పద్నాలుగు వేల క్షవరం

తెలుగులో ‘క్షవరం అయింది’ అంటే రెండర్థాలు. ఒకటి గడ్డానికి అయ్యేది, రెండోది జేబుకి అయ్యేది. మూడేళ్ళ కిందట నాకు రెండూ ఒకే పార్సిల్లో వచ్చాయి. స్టెయిన్‌లెస్ స్టీలు కడ్డీని యంత్రం మీద తొలిచి చేసిన సేఫ్టీ రేజరు. బయటి దేశం నుంచి తెప్పించుకున్నాను. కస్టమ్స్‌తో కలిపి 14,000 రూపాయలు. మా ఆవిడకి నాలుగు వేలని చెప్పాను. ఈ వ్యాసం అచ్చయ్యాక ఆ సంగతి విడిగా చూసుకోవాలి.

ఇది రాయడానికి కారణం ఆ రేజరు కాదు. దాన్ని వెనకేసుకొస్తూ అప్పట్లో నేను చెప్పుకున్న మాటలన్నీ ఇప్పుడు వేరేవాళ్ళ వ్యాసాల్లో చదవాల్సి రావడం. ప్లాస్టిక్ మానేశాం, పొద్దున్నే పావుగంట మనతో మనం గడుపుతున్నాం, తాతల నాటి పద్ధతికి తిరిగెళ్ళాం, ఒక్కసారి కొంటే జన్మంతా పనికొస్తుంది, పైగా డబ్బు ఆదా. ఫౌంటెన్ పెన్నుల మీదా, మెకానికల్ కీబోర్డుల మీదా, పిండిచేసే కాఫీ గ్రైండర్ల మీదా రాసేది కూడా ఇదే వ్యాసం, వస్తువు పేరు మారుతుందంతే. కాస్త సాహిత్యం చదివిన చెయ్యి కాబట్టి వాక్యాలు బాగానే ఉంటాయి. లెక్కే ఉండదు.

ముందు ఆ లెక్క చూద్దాం. మూడు బ్లేడ్ల కార్ట్రిడ్జి ఒక్కోటి నూటయాభై అనుకోండి. రెండు వారాలకొకటి వాడితే ఏడాదికి 26, అంటే 3,900 రూపాయలు. మామూలు రెండంచుల బ్లేడు నాలుగు రూపాయలు, వారానికొకటి, ఏడాదికి 208. మిగులు దాదాపు 3,700. ఇంతవరకూ ఎవరూ కాదనరు, నేనూ కాదనను. కార్ట్రిడ్జి కంపెనీలు మనల్ని బాగానే గీశాయి. 14,000 పిడి నాలుగేళ్ళలోపే గిట్టుబాటవుతుంది, ఆ పైన అంతా లాభమే, అని నేనూ స్ప్రెడ్‌షీటు వేసుకున్నాను.

తప్పు ఎక్కడుందో కోడు రాసేవాణ్ణి, నాకు వెంటనే కనపడాలి. కనపడలేదు. ఖరీదైన సేఫ్టీ రేజరుని కార్ట్రిడ్జితో పోల్చాను. పోల్చాల్సింది మూడొందల రూపాయల సేఫ్టీ రేజరుతో. రెంట్లోనూ పడేది అదే నాలుగు రూపాయల బ్లేడు. మూడొందలది నెల రోజుల్లో గిట్టుబాటవుతుంది. దాని పక్కన పెడితే 14,000 రేజరు ఏటా ఆదా చేసేది సున్నా. పదేళ్ళకైనా, నూరేళ్ళకైనా సున్నాయే. చవక రేజరు సంపాదించిన పుణ్యాన్ని ఖరీదైన రేజరు ఖాతాలో వేసుకోవడం, ఆ వ్యాసాలన్నిట్లో ఉన్న కిటుకు ఇదే.

‘అబ్బే, డబ్బు సంగతి వదిలెయ్, గీసే తీరు వేరు’ అంటారు. సరే. సేఫ్టీ రేజరంటే ఏముంది? పైన మూత, కింద పలక, మధ్యలో 0.1 మిల్లీమీటరు మందం బ్లేడు, అడుగు నుంచి బిగించే పిడి. పిడి తిప్పితే మూతా పలకా దగ్గరికొచ్చి బ్లేడుని కొద్దిగా వంచి పట్టుకుంటాయి. ఆ వంపులోనే బిగువు. అంచు చర్మానికి ఏ కోణంలో తగులుతుంది, ఎంత బయటికొచ్చి ఉంది, అంచుకీ కింది పలకకీ మధ్య సందెంత. గడ్డం మెత్తగా గీస్తుందా, గీరుకుంటూ పోతుందా అన్నది ముఖ్యంగా ఈ మూడు కొలతల మీద ఉంటుంది. మూడూ జ్యామితి. స్టీల్లో తొలిచినా, ఇత్తడిలో తిప్పినా, జింకు మిశ్రమం అచ్చులో పోసినా కొలత కొలతే.

ఇక్కడ ఒకటి ఒప్పుకోవాలి. అచ్చులో పోసిన మరీ చవక రేజర్లలో ఆ కొలతలు ఒక్కోసారి నిలబడవు. బ్లేడు ఒక పక్క ఎక్కువా, ఇంకో పక్క తక్కువా బయటికొస్తుంది. మొదటివారమే నా మెడ కోసింది అలాంటిదే. అది నిజమైన లోపం, డబ్బు పెడితే పోయే లోపం. కానీ ఎంత డబ్బు? వదులు చేసి, బ్లేడుని వేలితో సర్ది, మళ్ళీ బిగిస్తే చాలాసార్లు ఉచితంగానే పోతుంది. పోకపోతే వెయ్యి, రెండు వేలు. జర్మనీలో జోలింగెన్ ఊరి నుంచి వచ్చే మెర్కుర్ రేజర్లు ఈ సరదాలో దిగినవాళ్ళలో చాలామందికి మొదటి మెట్టు. వాళ్ళ 34సి మోడలు తల కూడా క్రోమియం పూత వేసిన జింకు మిశ్రమమే. అది గీసినంత నున్నగా గీస్తే నాకు చాలు. ఆ పైన ప్రతి వెయ్యి రూపాయలూ లోహం బరువుకీ, మెరుపుకీ, తయారుచేసినాయన వర్క్‌షాపు వీడియోకీ వెళ్తాయి.

నా మాట నమ్మక్కర్లేదు. నెల రోజులు ఎడమ చెంపకి చవక రేజరు, కుడి చెంపకి ఖరీదైనది వాడాను. కుడిచేతివాణ్ణి కాబట్టి వారం వారం పక్కలు మార్చాను. రెంట్లోనూ ఒకే పెట్టెలోని బ్లేడ్లు. ఏ పక్క ఏది అని చెప్పకుండా మా ఆవిణ్ణి చెయ్యి పెట్టి చెప్పమన్నాను. బొమ్మా బొరుసూ వేసినట్టే వచ్చింది. అదే నెల తర్వాత ఒకే రేజర్లో రెండు రకాల బ్లేడ్లు మార్చి చూస్తే మాత్రం, ఆవిణ్ణి అడగక్కర్లేకుండా నాకే మొదటి గీతలో తెలిసిపోయింది.

తెలియకపోతే ఆశ్చర్యం. పనంతా జరిగేది బ్లేడు అంచులో. ఉక్కు కన్నా దాదాపు యాభై రెట్లు మెత్తనైన వెంట్రుక బ్లేడుని ఎలా మొద్దు చేస్తుందని ఎం.ఐ.టి. వాళ్ళు ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద పెట్టి చూశారు. 2020లో ‘సైన్స్’ పత్రికలో వచ్చింది. అంచు మెల్లగా అరిగిపోవడం కాదట. వెంట్రుక వంగి, ఒక కోణంలో తగిలినప్పుడు, ఉక్కు నిర్మాణం ఒకేలా లేని చోట అంచు పెచ్చులూడుతుంది. పిడి జన్మంతా ఉంటుందని మురిసిపోతాం గానీ, గీసే వస్తువు వారానికోసారి చెత్తబుట్టలోకి పోతూనే ఉంటుంది.

చరిత్ర కూడా అదే చెబుతుంది. కింగ్ క్యాంప్ జిలెట్ మనలాంటి పాఠకులకి నచ్చే మనిషి. 1894లో ‘ద హ్యూమన్ డ్రిఫ్ట్’ అని పుస్తకం రాశాడు. పోటీయే అన్ని అనర్థాలకీ మూలం, ఉత్పత్తంతా జనం ఉమ్మడిగా నడిపే ఒకే ఒక్క సంస్థ చెయ్యాలి, అందరూ నయాగరా దగ్గర ఒకే మహానగరంలో బతకాలి అని. అదే మనిషి వాడి పారేసే బ్లేడు కనిపెట్టి కోటీశ్వరుడయ్యాడు. కనిపెట్టాడు అంటే, ఊహ ఆయనది. అంత పల్చటి ఉక్కు రేకుని వంకర పోకుండా గట్టిపరిచి పదును పెట్టడం కుదిరేపని కాదని చాలామంది అంటే, చేసి చూపించింది విలియం నికర్సన్ అనే ఇంజినీరు. అసలు కష్టమంతా బ్లేడులో ఉంది. 1903లో అమ్మిన రేజర్లు 51, బ్లేడ్లు 168. పేటెంటు 1904 నవంబరు 15న వచ్చింది.

పిడి ఊరికే ఇచ్చి బ్లేడ్లమీద సంపాదించడం అనే వ్యాపార సూత్రానికి జిలెట్‌నే ఉదాహరణగా చెబుతుంటారు. మా ఆఫీసులో ప్రింటర్ల నుంచి క్లౌడ్ దాకా దేనికైనా ఈ కథే. రాండల్ పికర్ అనే న్యాయశాస్త్ర ప్రొఫెసరు పాత ధరలు తవ్వి చూస్తే కథ తిరగబడింది. పేటెంటున్నన్నాళ్ళూ జిలెట్ పిడిని 5 డాలర్లకి, అంటే అప్పటి సామాన్యుడికి బాగా బరువయ్యే ధరకి అమ్మాడు. 1921లో పేటెంట్లు అయిపోయి, ఎవరైనా చేసుకోవచ్చని తేలాకే చవక పిడి వచ్చింది. ఆనాడు ఖరీదుకి కారణం పేటెంటు. ఇవాళ నా 14,000 పిడికి ఆ సాకు కూడా లేదు. పదీ ఇరవై చొప్పున చేసే చిన్న వర్క్‌షాపు, యంత్రం గంటలు, చేత్తో పాలిష్, అక్కడి జీతాలు. ఆ ధర మోసం అననను. ఖర్చు నిజంగానే అయ్యుంటుంది. అది నా చెంపదాకా రాదు, అంతే.

ఇహ ‘తాతల నాటి పద్ధతి’. నాకు అన్నిటికన్నా ఎక్కువ గుచ్చుకునేది ఇదే, ఎందుకంటే నేను దీన్ని పూర్తిగా నమ్మాను.

మా తాత తన గడ్డం తాను గీసుకోలేదు. తెనాలి పక్కన మా ఊళ్ళో ఒకాయన పొది చంకన పెట్టుకుని ఇంటికొచ్చేవాడు. అరుగు మీద కూర్చోబెట్టి గీసేవాడు, కత్తి సానరాయి మీద నూరేవాడు, తెగితే పటిక రాసేవాడు. డబ్బులిచ్చేవాళ్ళు కాదు. పంట ఇంటికొచ్చినప్పుడు మేర కొలిచేవాళ్ళు. ఆయన్ని లోపలికి రానిచ్చేవాళ్ళు కాదు, ఆ చేతికి కత్తీ మెడా అప్పగించేవాళ్ళు. ఇప్పుడు నేను బాత్రూంలో సరంజామా సర్దుకుని, బ్రష్షు, గిన్నె, దేశం దాటొచ్చిన పటిక ముక్క ముందు పెట్టుకుని ‘వారసత్వం’ అంటున్నది ఎవరి వారసత్వం? ఆ పొది ఆయనది. ఆయన మనవడు అదే పని చేస్తే దాన్ని వృత్తి అని పక్కన కూర్చోబెట్టి, నేను చేస్తే రిచువల్ అనుకున్నాను. నిజానికి సేఫ్టీ రేజరు వచ్చిందే ఆయన పని లాక్కోవడానికి. ఎవరి గడ్డం వాళ్ళు, తెగకుండా, ఇంట్లో గీసుకోండని. దాన్ని సంప్రదాయం అంటే ఆయనకి నవ్వొస్తుంది, లేకపోతే ఇంకేదో వస్తుంది.

మా ఇంట్లో మొదటి సేఫ్టీ రేజరు నాన్నది. నికెలు పూత పోయి కింద ఇత్తడి పచ్చగా బయటపడ్డ మూడు ముక్కల రేజరు. బ్లేడు మొద్దుబారితే గాజు గ్లాసు లోపలి గోడకి వేలితో రుద్ది ఇంకో నాలుగు రోజులు లాగేవాడు. పూర్తిగా పోయాక సగానికి విరిచి, కాగితం మడతలో పెట్టి నాకు పెన్సిలు చెక్కుకోడానికిచ్చేవాడు. ఆయనకది జీవనశైలి కాదు, గుమస్తా జీతం. నేను ఆ అవసరాన్ని తీసుకుని, స్టీల్లో మళ్ళీ పోత పోయించి, 14,000 పెట్టి కొనుక్కున్నానని ఒకరోజు తట్టింది. ఎప్పుడంటే ఆయన కొండాపూర్ మా ఇంటికొచ్చి పొద్దున్నే నా రేజరుతో గడ్డం గీసుకుని బయటికొచ్చినప్పుడు. నేను సోఫాలో కూర్చుని తీర్పు కోసం ఎదురుచూస్తున్నాను. చెంప తడుముకుంటూ, ‘బ్లేడు బావుందిరా. ఏ కంపెనీది?’ అన్నాడు. పిడి గురించి అడిగితే, ‘బరువుగా ఉంది, చెయ్యి నెప్పెట్టింది’ అన్నాడు.

నున్నటి గడ్డమే కావాలంటే అది దొరికే చోటు మా కాలనీలోనే ఉంది. సెలూన్లో గడ్డానికి 60 రూపాయలు. 90లలో ఎయిడ్స్ భయం వచ్చాక నూరే కత్తి పోయి, సగానికి విరిచిన బ్లేడు దూర్చుకునే పిడి వచ్చింది. ఆయన దగ్గరున్నదీ అదే. తిరుమల కళ్యాణకట్టలో రోజూ వేల తలలు నున్నగా అయ్యేది కూడా మామూలు బ్లేడుతోనే. నా మెడ కింద వెంట్రుకలు సుడి తిరిగి ఉంటాయి. ఏ రేజరుతోనూ నాకు తెగకుండా కుదరని చోటు అది. ఆయన చర్మం లాగి పట్టుకుని రెండు గీతల్లో తీసేస్తాడు. ఆ పిడి ఎంతకి కొన్నావన్నా అని అడిగితే, ‘యాద్ లేదన్నా, బేగంబజార్ల డజన్ లెక్క తెచ్చిన’ అన్నాడు. 14,000కి ఆయన దగ్గర 233 గడ్డాలు. వారానికోసారి అనుకుంటే నాలుగున్నరేళ్ళు. ఆ డబ్బు వెళ్ళాల్సిన చెయ్యి ఏదో ఆ స్ప్రెడ్‌షీటులో ఒక్క కాలమ్ కలిపి ఉంటే తెలిసేది.

ఖరీదైనవి కొనొద్దని నేననను. బరువైన స్టీలు చేతిలో పట్టుకుంటే బావుంటుంది, మెరుస్తుంది, అద్దం పక్కన నిలబెడితే అందంగా ఉంటుంది. నగ కొన్నట్టు కొనుక్కోండి, నగ అనే చెప్పండి. ఆదా అనీ, పర్యావరణం అనీ, తాత అనీ అనకండి. ప్లాస్టిక్ మానేసిన ఘనత మూడొందలదానికీ సమానంగా ఉంది. ‘జన్మకొకటి’ అన్న నా స్నేహితుల్లో ఒక్కడూ ఒకదానితో ఆగలేదు. ఒకడి దగ్గర ఇప్పుడు తొమ్మిదున్నాయి.

నాది ఇంకా నా దగ్గరే ఉంది. అమ్మకానికి పెట్టాను, ఒకాయన ఫోన్ చేసి పెట్టె ఉందా అనడిగాడు. లేదంటే పెట్టేశాడు. మొన్న నాన్న వెళ్తూ వెళ్తూ ఆ బ్లేడ్ల పెట్టె ఒకటి అడిగి తీసుకెళ్ళాడు.