తీరిక వేళ: పిల్లల గదికి కాగితపు గుడ్లగూబ

మన సభ్యుల ఇళ్ళకు భోజనానికి వెళ్ళినప్పుడల్లా ఒక విషయం గమనిస్తున్నాము. ముందు గదిలో వేంకటేశ్వరస్వామి పటం, కొండపల్లి అంబారీ ఏనుగు, కలంకారీ గుడ్డ, అన్నీ ఉంటాయి. మేడమీద పిల్లల గదిలోకి వెళితే గోడల నిండా కొట్లో కొన్న పోస్టర్లే. మన తెలుగుదనమంతా అతిథుల కంటపడే చోటనే ఆగిపోతున్నది. పిల్లలు నిద్రపోయే ముందు చూసే గోడమీద ఇంట్లోవాళ్ళ చేత్తో చేసినది ఒక్కటైనా ఉండాలని మా అభిప్రాయం. కాగితం కత్తిరించి ఫ్రేము కట్టిన బొమ్మ అందుకు సులువైన దారి. ఖర్చు స్వల్పం, రెండు సాయంత్రాలు చాలు.

కాగితం చదరపు మీటరుకు 160 గ్రాముల బరువున్నది తీసుకోండి. టైపు కాగితం చిరుగుతుంది, అట్ట అయితే వేళ్ళు నొప్పి పుడతాయి. కత్తి విషయంలో మా వృత్తివారికి కొంత పక్షపాతం ఉంది: 3వ నంబరు పిడికి 11వ నంబరు బ్లేడు. 1932లో మొదలైన షెఫీల్డు స్వాన్ మార్టన్ కంపెనీ చేసే ఈ బ్లేళ్ళు బొమ్మల సామాను అమ్మే కొట్లలోనూ దొరుకుతాయి. ఆసుపత్రి నుంచి జేబులో వేసుకు రానక్కరలేదు!

బొమ్మను కాగితం వెనుకవైపు, కుడి ఎడమలు మార్చి గీయాలి. లోపలి చిన్న కోతలు ముందు, చుట్టుగీత చివర. వంపు దగ్గర కత్తిని కాక కాగితాన్ని తిప్పాలి. కోత గరుకుగా వస్తే వెంటనే బ్లేడు మార్చండి. మొండి బ్లేడును బలంగా నొక్కి వేళ్ళు కోసుకున్న వారికి కుట్లు వేసిన అనుభవంతో చెబుతున్నాము. పిల్లలకు మాత్రం మొన గుండ్రంగా ఉన్న కత్తెరే.

అసలు చిక్కు వేరే ఉంది. సైక్లోస్టైల్ స్టెన్సిల్ మీద టైపు చేసినవారికి అది తెలుసు. ఇంగ్లీషు ‘ఓ’ను గట్టిగా కొడితే మధ్య గుండ్రం ఊడిపోయి, అచ్చులో నల్లటి మచ్చ పడుతుంది. మన అక్షరాలన్నీ గుండ్రనివే కదా. పిల్లల పేరును కాగితంలో తొలిస్తే లోపలి సున్నాలన్నీ రాలిపోతాయి. పోనీ అక్షరాలనే కత్తిరించి నిలబెడదామంటే కొన్నిటికి తలకట్టు విడిపోతుంది. కనుక రెండు మిల్లీమీటర్ల సన్నని బంధం ఒకటి ఎక్కడో వదలాలి. కోయవలసినదానికంటే వదలవలసినదాన్ని ముందు పెన్సిలుతో గుర్తు పెట్టుకోవాలి.

ఈ విద్య మనవాళ్ళకు కొత్త కాదు. ధర్మవరం దగ్గరి నిమ్మలకుంటలో తోలుబొమ్మలు చేసేవారు మేకతోలు మీద నగలూ, చీర అంచులూ చిన్న చిన్న రంధ్రాలుగా ఉలితో కొడతారు. రంధ్రానికీ రంధ్రానికీ మధ్య తోలు తెగదు. తెర వెనుక దీపం వెలిగితే ఆ రంధ్రాలే బంగారంలా మెరుస్తాయి. ఆ ఊరి దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. మన నల్ల కాగితం వెనుక పసుపు కాగితం పెడితే ఆ మెరుపులో కొంత వస్తుంది.

ఇక ఏ బొమ్మ? మా అమ్మాయి గుడ్లగూబ కావాలన్నది. కోరదూ మరి! 1626లో ఈ పట్టణానికి మొదటి ఆల్డర్మన్ అయిన సర్ జాన్ సావిల్ వంశ చిహ్నం నుంచి లీడ్స్ నగర చిహ్నంలోకి గుడ్లగూబలు వచ్చాయి. 1933లో ప్రారంభమైన సివిక్ హాలు శిఖరాల మీద బంగారు పూతతో కూర్చున్నవీ అవే. అప్పుడు తెనాలి నుంచి వచ్చి ఉన్న మా అమ్మగారు అదిరిపడ్డారు. “పిల్ల పడుకునే గదిలో గుడ్లగూబేమిట్రా? ఇంటిమీద వాలితేనే ఇల్లు వదిలిపెట్టి పోతారు, నువ్వు మేకు కొట్టి మరీ పెడతావా? నెమలి పెట్టు” అన్నారు. బెంగాలులో అది లక్ష్మీదేవి వాహనమని చెప్పి చూశాము. “మనం బెంగాలీలం కాదుగా” అన్నారు. అమ్మాయి మాత్రం “అది మా ఊరి పిట్ట, నాయనమ్మా” అన్నది.

మా ఊరు అంటే మాకు తెనాలే. ఆ మాట విన్నాక అమ్మగారూ, మేమూ కాసేపు ఏమీ మాట్లాడలేదు.

రెండు రోజుల తరువాత ఆవిడే పెన్సిలు అడిగి, గుడ్లగూబ రొమ్ము మీద ఈకలకు బదులు మెలికల ముగ్గు వేశారు. చుక్కలు రాలిపోతాయని మేము చెప్పకముందే కనిపెట్టి మెలికలు అక్కడక్కడా తెరిచి ఉంచారు. కింద పేరు తెలుగులోనే ఉండాలని షరతు పెట్టి, అక్షరాలు తామే రాసిచ్చారు. అయినా తలగడ వైపు గోడకు ఒప్పుకోలేదు. తలుపు పక్కకు ఒప్పుకున్నారు.

చేయి తిరగదని జంకేవారికి ఒక మాట. చిత్రకారుడు మతీస్ 1941లో కడుపు కాన్సరుకు ఆపరేషను అయ్యాక మంచానికీ చక్రాల కుర్చీకీ పరిమితమై, రంగు పూసిన కాగితాలను కత్తెరతో కోసి బొమ్మలు చేశాడు. 1953లో చేసిన ‘నత్త’ లండన్ టేట్ వారి సొత్తు. అందులో ఉన్నవి పెద్ద పెద్ద రంగు ముక్కలే.

ఫ్రేము పెట్టెలా కాస్త లోతున్నది కొనండి. బొమ్మ వెనుక కాగితానికి ఆనకుండా నిలిస్తే దాని నీడ పడి అందం వస్తుంది. జిగురు చుక్కలుగా మాత్రమే పెట్టాలి, పూస్తే కాగితం ముడతలు పడుతుంది. పిల్లల గది కనుక గాజు వద్దు, ఆక్రిలిక్ రేకు మేలు. రేడియేటరు పైన తగిలించకండి. వాడిన బ్లేళ్ళను మూత బిగించిన డబ్బాలో, పిల్లలకు అందనంత ఎత్తున ఉంచండి.

నమూనా కావలసినవారు వచ్చే సమావేశంలో మమ్మల్ని అడగవచ్చును. నెమలిది కూడా గీసి ఉంచాము.