వణుకు జబ్బే, తాగుడు గాదు

దొర చెయ్యి వణికితే జబ్బు అంటరు, కారెక్కించి హైదరాబాదు తీసుకపోతరు. మన చెయ్యి వణికితే తాగుడు అంటరు, కూలికి పిలవడం మానేస్తరు. రెండు తలకాయల్లో జరిగేది ఒక్కటే. మరి పేరు ఎందుకు వేరయింది?

ఇది నేను దూరం నుంచి చూసి రాస్తున్న సంగతి గాదు. నలభై నిండకముందే నాకు పార్కిన్సన్స్ జబ్బు వచ్చింది. ఇప్పుడు నా మెదడులో రెండు సన్నని తీగలు, మెడ ఎముక కింద చర్మం లోపల ఒక బ్యాటరీ మిషన్ ఉన్నయి. మిషన్ నడుస్తున్నది కాబట్టే బడికి పోతున్న, పాఠం చెప్తున్న.

ముందు జబ్బు సంగతి తెలుసుకుందాం. మన కదలికలు సాఫీగా సాగడానికి మెదడులో డోపమిన్ అనే రసాయనం కావాలి. దాన్ని తయారుచేసే కణాలు ఏండ్ల తరబడి కొద్దికొద్దిగా చచ్చిపోతే వచ్చేదే ఈ జబ్బు. లండన్ డాక్టర్ జేమ్స్ పార్కిన్సన్ 1817లో దీని గురించి వివరంగా రాసిండు, అందుకే ఆయన పేరు పెట్టిండ్రు. మన వైద్యులు కంపవాతం అంటరు. ఎక్కువగా అరవై దాటినోళ్లకు వస్తది, కొందరికి నాలాగ ముందే వస్తది. ఇది అంటురోగం గాదు. గాలి సోకడం గాదు, చేతబడి అంతకన్నా గాదు.

గుర్తుపట్టడం ఎట్ల? చెయ్యి ఒళ్లో పెట్టుకొని ఊరికే కూర్చున్నప్పుడు వణుకుతది, పనిలో పెడితే తగ్గుతది. సాధారణంగా ఒక పక్క మొదలై తర్వాత రెండో పక్కకు వస్తది. నడిచేటప్పుడు ఒక చెయ్యి ఊగదు. అడుగులు చిన్నవైతయి. ముఖంలో నవ్వు, కోపం కనబడవు. గొంతు సన్నబడ్తది. కొందరికి వణుకే ఉండదు, ఒళ్లు బిగుసుకపోయి ప్రతి పనీ నెమ్మదైతది. వాసన తెలియకపోవడం, మలబద్ధకం ఏండ్ల ముందే మొదలు కావచ్చు. నా జబ్బును మొదట పట్టిచ్చింది బ్లాక్‌బోర్డు. లైను మొదట్లో పెద్దగా రాసిన అక్షరం చివరికొచ్చేసరికి చీమంత అయ్యేది. వెనక బెంచీ పిల్లలు "సార్, కనబడ్తలేదు" అనేటోళ్లు.

పిల్లలకు అక్షరం కనబడలేదు, తోటి పంతుళ్లకు మాత్రం నా కులం కనబడింది. "రిజర్వేషన్ సారు పొద్దుగాల్నే ఏసుకొచ్చిండు" అని స్టాఫ్ రూములో నవ్వుకున్నరు. నాకు తాగే అలవాటు లేదు. ఉన్నా సరే, తాగేటోడికి ఈ జబ్బు రావద్దని ఎక్కడా లేదు. వచ్చినప్పుడు వాడికీ వైద్యం అందాలె. అమెరికా నల్లజాతి బాక్సర్ మహమ్మద్ అలీకి 1984లో ఈ జబ్బని తేలింది. 1996లో అట్లాంటా ఒలింపిక్స్‌లో వణికే చేత్తోనే జ్యోతి వెలిగించిండు. లోకమంతా చప్పట్లు కొట్టింది. అదే వణుకు మన వాడలో ఎగతాళి అయింది.

మా చిన్నాయన సంగతి చూడండి. జీవితమంతా కూలి చేసినోడు. చెయ్యి వణకబట్టి నాలుగేండ్లయినా ఎవరూ జబ్బు అనలేదు. ఊరు తాగుబోతు అన్నది, వాడ గాలి సోకింది అన్నది. మంత్రగాడికి రెండు కోళ్లు, కొంత పైకం పోయినయి. చివరికి నేను నరాల డాక్టరుకు చూపిస్తే పరీక్షించి పేరు చెప్పిండు, మాత్ర రాసిండు. కొన్ని వారాలకు తన చేత్తో తాను బువ్వ తిన్నడు. ఆ నాలుగేండ్లు ఆయనకు లేనిది డబ్బు ఒక్కటే గాదు, జబ్బు పేరు చెప్పే మనిషి లేడు.

ఆ మాత్రలో ఉన్న అసలు మందు లెవోడోపా. మెదడులోకి పోయి డోపమిన్‌గా మారుతది. ఇది 1960ల నుంచి ఉన్న మందు. మన చేల గట్ల మీద పాకే దూలగొండి గింజలో ఈ పదార్థమే ఉందని దామోదరన్, రామస్వామి అనే మన దేశ శాస్త్రవేత్తలు 1937లోనే వేరుచేసి చూపిండ్రు. అట్లని గింజలు దంచుకొని తినకండి, మోతాదు తప్పితే ప్రమాదం. లెవోడోపా, కార్బిడోపా కలిసిన మాత్ర ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యవసర మందుల జాబితాలో ఉంది, మన దేశం జాబితాలోనూ ఉంది. మాత్రను తిండికి అరగంట ముందు వేసుకోవాలె. పప్పు, మాంసం, గుడ్డు, పాలతో కలిపి వేసుకుంటే సరిగా ఒంటికి పట్టదు. డాక్టరును అడగకుండా ఒక్కసారే మానేస్తే ప్రాణం మీదికి వస్తది.

ఏండ్లు గడిస్తే మాత్ర బలం తొందరగా దిగిపోతది. ఇంకో మాత్ర దాకా ఒళ్లు కట్టెలాగ బిగుస్తది, లేదంటే మందు ఎక్కువై ఒళ్లు తనకు తానే ఊగుతది. అట్లాంటి వాళ్లలో కొందరికే ఈ మిషన్. 1987లో ఫ్రాన్స్‌లోని గ్రెనోబుల్‌లో బెనాబిద్ అనే డాక్టరు వేగంగా కొట్టే సన్నని కరెంటుతో వణుకును ఆపవచ్చని కనిపెట్టిండు. మెదడు లోతున తీగలు పెడతరు. వాటిని చర్మం కిందుగా మెడ మీంచి తెచ్చి బ్యాటరీకి కలుపుతరు. నన్ను బల్ల మీద మెలకువగానే ఉంచి "పిడికిలి మూసి తెరువు" అన్నరు. కరెంటు వదలంగనే ఏండ్ల నుంచి ఆగని చెయ్యి ఆగింది.

ఇంత మాత్రాన జబ్బు పోదు. నాకు మాత్రలు తగ్గినయి, బిగుసుకపోయే గంటలు తగ్గినయి. మాట తడబాటు అట్లనే ఉంది. నడకలో తూలుడుకు కూడా ఈ మిషన్ పెద్దగా పనిచెయ్యదు. మతిమరుపు ముదిరినోళ్లకు పెట్టరు. ఆపరేషన్‌లో మెదడులో రక్తస్రావం, తర్వాత చీము పట్టే ప్రమాదం కొంత ఉంది. మిషన్ ఉన్నోళ్లు ఫిజియోథెరపీలో డయాథర్మీ వేడి పెట్టించుకోగూడదు. స్కానింగుకు ముందు మిషన్ ఉన్నదని చెప్పాలె.

ఇగ అసలు సంగతి. దీని ఖర్చు లక్షల్లో ఉంటది. మామూలు బ్యాటరీ కొన్నేండ్లకు అయిపోతది, మళ్లీ కోసి కొత్తది పెట్టాలె. కరెంటు ఎక్కువ తక్కువ చేయించుకోవడానికి పట్నం తిరగాలె. నాకు సర్కారు నౌకరి ఉంది కాబట్టి ఖర్చులో కొంత తిరిగి వచ్చింది, మిగతాది అప్పు. ఆ నౌకరి మా అమ్మ కూలి, సంక్షేమ హాస్టలు, రిజర్వేషన్ కలిసి ఇచ్చింది. నౌకరి లేని మా చిన్నాయనకు ఈ ఆపరేషన్ పనికొస్తదా లేదా అని అడిగినోడు కూడా లేడు. వైద్యం నౌకరిని చూసి వచ్చేదైతే కూలోడు ఏం కావాలె?

పురుగు మందు సంగతి కూడా చెప్పుకోవాలె. పారాక్వాట్ అనే గడ్డి మందు, రోటెనోన్ అనే పురుగు మందు వాడినోళ్లలో ఈ జబ్బు ఎక్కువగా కనబడిందని 2011లో అమెరికాలో అచ్చయిన పరిశోధన చెప్పింది. ఫలానా మనిషికి మందు వల్లే వచ్చిందని తేల్చడం కష్టం. కానీ పారాక్వాట్‌కు యూరప్‌లో ఉన్న అనుమతిని అక్కడి కోర్టు 2007లోనే రద్దు చేసింది. మన దగ్గర చేను ఆసామిది, పంపు మోసే వీపు మనది.

చట్టం కొంత మన పక్క ఉంది. 2016 వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన వైకల్యాల్లో పార్కిన్సన్స్ ఉంది. ఉద్యోగంలో ఉండగా వైకల్యం వస్తే సర్కారు తీసెయ్యగూడదు, హోదా తగ్గించగూడదు, పని చెయ్యలేకపోతే అదే జీతానికి వేరే పోస్టు ఇవ్వాలె అని 20వ సెక్షన్ చెప్తది. "రాజీనామా చెయ్, ఇంట్ల పండు" అన్నోళ్లకు నేను ఆ కాగితమే చూపిన.

కార్యకర్తలకు నా మాట ఒక్కటే. మీ మీటింగుల్లో ఈ జబ్బు పేరు చెప్పండి. వాడలో చెయ్యి వణికే ముసలోళ్లను, అడుగు పడని అక్కలను లెక్క రాసి ఆశా వర్కరుకు, డాక్టరుకు చూపించండి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఈ మాత్ర ఎప్పుడూ ఉండాలని, జిల్లా ఆసుపత్రికి నరాల డాక్టరు రావాలని, ఆపరేషన్ అవసరమైన పేదలకు మిషన్, బ్యాటరీ మార్పు, దారి ఖర్చు సహా సర్కారే భరించాలని దరఖాస్తు పెట్టండి. ఇవ్వకపోతే ఆ వణికే చేతులనే ముందు పెట్టుకొని కలెక్టరాఫీసుకు పోదాం. ఈసారి తాగొచ్చిండ్రని ఎవడంటడో చూద్దాం.