బంగారంలాంటి మాట!

ఆదివారం రాత్రి. అమెరికాలో ఇంటిల్లిపాదీ టీవీ ముందు చేరే వేళ. అప్పట్లో ఆ సమయానికి వచ్చే 'బొనాంజా' సీరియల్ అంటే అక్కడివాళ్లకి ప్రాణం. దానికి అడ్డం వెళితే జనం విసుక్కుంటారేమోనని సాక్షాత్తూ దేశాధ్యక్షుడే తటపటాయించాడట. అయినా తప్పలేదు. 1971 ఆగస్టు 15న రిచర్డ్ నిక్సన్ తెర మీదికొచ్చి ఓ కబురు చెప్పాడు. డాలర్లు తెచ్చిన దేశాలకి ఇకమీదట బంగారం ఇవ్వబోమన్నది దాని సారాంశం. ఇది తాత్కాలికమేనని కూడా అన్నాడు. ఆ 'తాత్కాలికం' ఇప్పటికీ పూర్తికాలేదు!

అసలు డాలరుకి బంగారం ఇస్తామని ఎవరన్నారు? అమెరికానే. 1944 జులైలో బ్రెటన్‌వుడ్స్ అనే చోట ఓ హోటల్లో 44 దేశాల ప్రతినిధులు సమావేశమయ్యారు. రెండో ప్రపంచయుద్ధం ఇంకా ముగియలేదు. ఐరోపా చితికిపోయి ఉంది. ప్రపంచంలోని బంగారంలో పెద్దవాటా అమెరికా ఖజానాలోనే ఉంది. దాంతో ఓ ఏర్పాటు కుదిరింది. దేశాలన్నీ తమ కరెన్సీని డాలరుతో ముడిపెట్టుకోవాలి. డాలరుకేమో బంగారంతో ముడి. ఔన్సు, అంటే సుమారు 31 గ్రాములు, 35 డాలర్లు. ఏ దేశపు కేంద్రబ్యాంకు డాలర్లు పట్టుకొచ్చినా ఆ ధరకి బంగారం ఇచ్చి పంపాలి. డాలరుని ప్రపంచానికి పెద్దన్నని చేసింది ఆ మాటే.

కొన్నేళ్లు బాగానే సాగింది. తర్వాత వియత్నాం యుద్ధం, పెరిగిన ఖర్చులు... డాలర్లు ప్రపంచమంతా పోగుపడ్డాయి. బంగారం మాత్రం ఆ వేగంతో పెరగదుగా! ఈ లెక్కని గట్టిగా ఎత్తిచూపినవాడు ఫ్రాన్స్ అధ్యక్షుడు చార్లెస్ డిగాల్. తన అప్పుల్ని తాను అచ్చేసిన కాగితాలతోనే తీర్చుకునే సౌకర్యం ఒక్క అమెరికాకే ఎందుకుండాలన్నది ఆయన వాదన. 1965 ఫిబ్రవరి 4న విలేకరుల సమావేశం పెట్టి మరీ చెప్పాడు. చెప్పి ఊరుకోలేదు. ఫ్రాన్స్ దగ్గరున్న డాలర్లు ఇచ్చి బంగారం తీసుకుని, ఇంటికి చేర్చాడు. మిగతా దేశాలకీ అనుమానం పట్టుకుంది. యుద్ధం ముగిసిన కొత్తల్లో 20 వేల టన్నులకి పైగా ఉన్న అమెరికా నిల్వ 1971 నాటికి 9 వేల టన్నుల దరిదాపులకి పడిపోయింది. అప్పుడే నిక్సన్ తలుపు మూసేశాడు.

బంగారం అండగా ఉన్న కరెన్సీతో చిక్కంతా అక్కడే. అడిగినవాళ్లకి కాదనకుండా ఇచ్చినంత కాలమే దానికి విలువ. ఇస్తూపోతే ఖజానా ఖాళీ!

అర్ధశతాబ్దం తర్వాత మళ్లీ ఆ కథే. 2022 ఫిబ్రవరిలో ఉక్రెయిన్ మీద రష్యా దండెత్తగానే, పాశ్చాత్య దేశాలు రష్యా కేంద్రబ్యాంకుకి చెందిన సుమారు 30 వేల కోట్ల డాలర్ల విలువైన నిల్వల్ని స్తంభింపజేశాయి. లెక్కల్లో సొమ్ము ఉంది, ముట్టుకోవడానికి లేదు! సొంత దేశంలో దాచుకున్న బంగారం జోలికి మాత్రం ఎవరూ రాలేకపోయారు. మార్చి నెలాఖరులో రష్యా గ్రాము 5 వేల రూబుళ్ల స్థిర ధరకి బ్యాంకుల నుంచి బంగారం కొంటామంది. రూబుల్ బంగారు కరెన్సీ అయిపోయిందని హడావుడి మొదలైంది. కానీ కొంటామన్నారే తప్ప, రూబుళ్లు తెస్తే బంగారం ఇస్తామనలేదు. ఆ స్థిర ధర కూడా రెండు వారాలు నిలవలేదు.

2023 ఆగస్టులో జొహానెస్‌బర్గ్‌లో బ్రిక్స్ దేశాల సదస్సు. బంగారం అండతో ఉమ్మడి కరెన్సీ వచ్చేస్తోందని ముందునుంచీ ఒకటే ప్రచారం. తీరా చూస్తే ప్రకటనలో అలాంటి ఊసే లేదు. 2024 ఏప్రిల్‌లో జింబాబ్వే బంగారం, విదేశీమారకం అండగా 'జిగ్' అనే కరెన్సీ తెచ్చింది. సెప్టెంబరు వచ్చేసరికి ప్రభుత్వమే దాని విలువని 40 శాతానికి పైగా తగ్గించాల్సి వచ్చింది. పాత కరెన్సీలతో దెబ్బతిన్న జనం జేబుల్లో డాలర్లనే దాచుకున్నారు మరి.

అలాగని పసిడికి గిరాకీ తగ్గిందా అంటే, లేదు. 2022, 2023, 2024... మూడేళ్లూ ప్రపంచ కేంద్రబ్యాంకులన్నీ కలిసి ఏటా వెయ్యి టన్నులకి పైగా కొన్నాయి. ఈ తర్కం మన ఇళ్లలో ఆడవాళ్లకి ఎప్పట్నుంచో తెలిసిందే. కూరగాయలు కొనేది నోట్లతో. బీరువాలో నగలు కష్టకాలానికి.

ఆ కష్టకాలం దేశానికీ వచ్చింది. పీవీ నరసింహారావు ప్రధాని అయిన కొత్తల్లో, 1991 జులైలో, సుమారు 47 టన్నుల బంగారం తాకట్టు కోసం విమానాల్లో లండన్ వెళ్లింది. దాని మీద పుట్టిన అప్పు 40 కోట్ల డాలర్లు. 2009లో అదే భారత్ ఐఎంఎఫ్ నుంచి 200 టన్నులు కొంది. 2024లో బ్రిటన్‌లో దాచిన దాంట్లోంచి 100 టన్నులు ఇంటికి తెచ్చుకుంది.

అందరూ బంగారం కూడబెడుతున్నారు, పక్కవాడి చేతికి చిక్కకుండా దాచుకుంటున్నారు. ఖజానా తలుపు బార్లా తీసి, 'మా నోట్లు తెచ్చి పసిడి పట్టుకెళ్లండి' అని డాలరుకి సవాలు విసిరే దేశం మాత్రం ఇంతవరకూ ముందుకు రాలేదు. ఆ మాట ఎంత ఖరీదో 1971లోనే అందరూ చూశారు!