హోం శాఖ అనిత దగ్గర, శాంతిభద్రతలు సీఎం దగ్గర: తిట్లు మాత్రం ఎవరికి?

ఆంధ్రప్రదేశ్‌లో 2019 నుంచి హోం మంత్రులుగా పనిచేసిన ముగ్గురూ దళిత మహిళలే. మొదట మేకతోటి సుచరిత, 2022 ఏప్రిల్ నుంచి తానేటి వనిత, 2024 జూన్ నుంచి వంగలపూడి అనిత. ప్రభుత్వం మారింది, పార్టీ మారింది, ఈ లెక్క మాత్రం మారలేదు. దళిత ఆడబిడ్డ చేతిలో పోలీసు శాఖ పెట్టామని రెండు పార్టీలూ చెప్పుకున్నాయి. చెప్పుకోవాల్సిన విషయమే. కానీ ఆత్మకూరులోనో, నంద్యాలలోనో, ఆళ్లగడ్డలోనో స్టేషన్ మెట్లెక్కే మామూలు మనిషికి దీనివల్ల ఏం మారింది అంటే జవాబు అంత తేలిక కాదు.

ముగ్గురిలో ఎక్కువ చర్చకు వచ్చిన పేరు అనితది. ఆమెది రాజకీయ కుటుంబం కాదు. ప్రభుత్వ టీచర్ ఉద్యోగం వదిలి తెలుగుదేశంలోకి వచ్చారు. 2014లో పాయకరావుపేట ఎస్సీ స్థానం నుంచి వైసీపీ అభ్యర్థి చెంగల వెంకట్రావును స్వల్ప తేడాతో ఓడించి అసెంబ్లీకి వెళ్లారు. మరుసటి ఏడాదే రోజా గొడవ. 2015 డిసెంబర్‌లో సభలో చేసిన వ్యాఖ్యల మీద రోజాను ఏడాది పాటు సస్పెండ్ చేశారు. ఆ వ్యాఖ్యల్లో తనను అవమానించారని అనిత సభలోనే కన్నీళ్లు పెట్టుకున్నారు. కేసు సుప్రీంకోర్టు దాకా పోయింది. రాష్ట్రమంతా అనిత పేరు తెలిసింది అప్పుడే. చేసిన పని వల్ల కాకుండా పడిన మాటల వల్ల పేరు రావడం ఆమెకు అక్కడి నుంచే మొదలైంది.

2019లో పార్టీ ఆమెను సొంత సీటు నుంచి తీసి గోదావరి జిల్లాలోని కొవ్వూరుకు పంపింది. అక్కడ తానేటి వనిత చేతిలో ఓడిపోయారు. ఆ వనితే తర్వాత హోం మంత్రి అయ్యారు. 2024 వచ్చేసరికి వనితను వైసీపీ కొవ్వూరు నుంచి గోపాలపురానికి మార్చింది, ఓడిపోయారు. సుచరితను ప్రత్తిపాడు నుంచి తాడికొండకు మార్చింది, ఆమె కూడా ఓడిపోయారు. పాయకరావుపేటకు తిరిగొచ్చిన అనిత మాత్రం 43 వేలకు పైగా మెజార్టీతో గెలిచారు. అక్కడ కూడా వైసీపీ నిలబెట్టిన కంబాల జోగులు ఊరి మనిషి కాదు, రాజాం నుంచి తెచ్చిన అభ్యర్థి.

ఈ మార్పులు చూస్తే ఒక సంగతి అర్థమవుతుంది. రిజర్వుడు సీట్లలో నాయకులను వస్తువుల్లా అక్కడి నుంచి ఇక్కడికి జరుపుతారు. పెద్ద కులాల నాయకులకు తాతల నాటి నియోజకవర్గాలు ఉంటాయి, తండ్రి తర్వాత కొడుకు, కొడుకు తర్వాత కోడలు. దళిత నాయకురాలికి టికెట్ ఉంటుంది గానీ ఊరు ఉండదు. ఊరు లేని నాయకురాలు మంత్రి అయినా టికెట్ ఇచ్చిన వాళ్ల ముఖం చూడక తప్పదు. సుచరిత సంగతే చూడండి. 2022 ఏప్రిల్‌లో మంత్రి పదవి పోగానే ఎమ్మెల్యే పదవికి రాజీనామా అన్నారు, జగన్‌ను కలిశాక వెనక్కి తగ్గారు.

అనిత కెరీర్‌లో మంచి ఘట్టం ఏది అంటే చాలామంది 2024 గెలుపు అంటారు. అది 2020 మే నెల అనడమే న్యాయం. నర్సీపట్నం ప్రభుత్వ ఆస్పత్రిలో మాస్కులు లేవన్నందుకు సస్పెండ్ అయిన ఒక దళిత డాక్టర్‌ను విశాఖలో పోలీసులు నడిరోడ్డు మీద చేతులు వెనక్కి కట్టి తీసుకెళ్లిన వీడియో అందరికీ గుర్తుండే ఉంటుంది. అప్పుడు అనిత ఎమ్మెల్యే కూడా కాదు. ఆ వీడియోతో హైకోర్టుకు లేఖ రాశారు. కోర్టు దాన్నే పిటిషన్‌గా తీసుకుని సీబీఐ విచారణకు ఆదేశించింది. అప్పుడు హోం మంత్రి సుచరిత. అంటే ఒక దళిత మహిళ హోం మంత్రిగా ఉండగా దళిత డాక్టర్‌ను కట్టేశారు, ఇంకో దళిత మహిళ దాన్ని కోర్టుకు తీసుకెళ్లింది. కుర్చీలో ఉన్న ఆమె కంటే బయట ఉన్న ఆమె ఆ రోజు ఎక్కువ చేయగలిగింది. ఈ మాట అనితకు ఇప్పుడు ఇంకా ఎక్కువ వర్తిస్తుంది, ఎందుకంటే ఇప్పుడు కుర్చీలో ఉన్నది ఆమే.

అదే ఏడాది నవంబర్ 3న నంద్యాలలో ఏం జరిగిందో మన వాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. పోలీసుల వేధింపులు తట్టుకోలేకపోతున్నామని సెల్ఫీ వీడియో తీసి, ఒక ఆటో డ్రైవర్, ఆయన భార్య, ఇద్దరు పిల్లలు పాణ్యం మండలం కౌలూరు దగ్గర రైలు కింద పడి చనిపోయారు. వీడియో బయటకు వచ్చాకే సీఐని, హెడ్ కానిస్టేబుల్‌ను అరెస్టు చేశారు. వెంటనే బెయిల్ వచ్చింది. బెయిల్ ఇప్పించిన వకీలు టీడీపీ మనిషని వైసీపీ వాళ్లు, అసలు వేధించిన పోలీసులు ఎవరి ప్రభుత్వంలో ఉన్నారని టీడీపీ వాళ్లు తిట్టుకున్నారు. ప్రభుత్వం 25 లక్షల సాయం ప్రకటించింది. నాలుగు జనాజాలు లేచిన ఇంటికి ఆ తిట్లలో ఏం దక్కింది? ఈ రోజు నంద్యాల ఎమ్మెల్యే ఎన్ఎండీ ఫరూక్ న్యాయ శాఖ మంత్రి, మైనార్టీ సంక్షేమం కూడా ఆయన దగ్గరే. హోం మంత్రి అనిత. ఆ రోజు రోడ్డెక్కిన పార్టీకే ఈ రెండు శాఖలూ ఉన్నాయి. ఆ కేసు ఏ దశలో ఉందో నంద్యాలకు వచ్చి జనం ముందు చెప్పాల్సిన బాధ్యత కూడా వాళ్లదే.

ఆత్మకూరుది ఇంకో అనుభవం. 2022 జనవరి 8న మసీదు నిర్మాణం విషయంలో మొదలైన గొడవ బీజేపీ జిల్లా నాయకుడి రాకతో పెద్దదైంది. పోలీస్ స్టేషన్ మీద రాళ్లు పడ్డాయి, వాహనాలు తగలబడ్డాయి, పోలీసులు గాల్లోకి కాల్పులు జరిపారు. రెండు వైపులా అరెస్టులు జరిగాయి. అప్పుడు కూడా హోం మంత్రి సుచరితే. ఆ రోజుల్లో ఊళ్లో జనం అడిగింది ఎస్పీ ఏమన్నాడు, డీఎస్పీ ఏమన్నాడు, ఎమ్మెల్యే ఏమన్నాడు అని. హోం మంత్రి ఏమన్నారని అడిగిన వాళ్లు తక్కువ. జనానికి అధికారం ఎక్కడుందో మంత్రుల జాబితా చూడకుండానే తెలుసు.

ఇప్పుడు ఆ జాబితానే చూద్దాం. 2024 జూన్‌లో శాఖలు పంచినప్పుడు అనితకు ఇచ్చింది హోం వ్యవహారాలు, విపత్తు నిర్వహణ. ముఖ్యమంత్రి చంద్రబాబు తన దగ్గర పెట్టుకున్న వాటిలో సాధారణ పరిపాలన ఒకటి, శాంతిభద్రతలు ఇంకొకటి. ఐపీఎస్‌ల పోస్టింగులు సాధారణ పరిపాలన నుంచి పోతాయి. సీఐ, ఎస్సైల విషయంలో ఎమ్మెల్యే మాట ఎంత నడుస్తుందో ఏ మండలంలో అడిగినా చెబుతారు. ఇంటికి యజమాని పేరు ఒకరిది, తాళాలు ఇంకొకరి జేబులో అన్నట్టు ఉంది ఏర్పాటు. జైళ్లు, ఫైర్ సర్వీసులు, హోం శాఖ ఫైళ్లు ఆమె దగ్గర ఉన్నాయి నిజమే. కానీ ‘పోలీసులు’ అని జనం అనుకునేది చాలా వరకు పైన ఉంది, లేదా కింద ఉంది. మధ్యలో ఆమె ఉన్నారు.

ఇది తెలిసి కూడా 2024 నవంబర్ 4న పిఠాపురంలో ఉప ముఖ్యమంత్రి పవన్ కల్యాణ్ అందరి ముందూ అనితను తప్పుపట్టారు. ఆడపిల్లల మీద అఘాయిత్యాలు జరుగుతుంటే హోం మంత్రి బాధ్యత తీసుకోవాలని, తాను హోం శాఖ తీసుకుంటే పరిస్థితి వేరేగా ఉంటుందని అన్నారు. యూపీలో యోగి ఆదిత్యనాథ్‌లా వ్యవహరించాలనే మాట కూడా వచ్చింది. యోగి పద్ధతి అంటే బుల్డోజర్ అని మన సమాజానికి వెంటనే గుర్తొస్తుంది. ఆ తర్వాత తొమ్మిది రోజులకే, నవంబర్ 13న, నోటీసు, విచారణ లేకుండా నిందితుల ఇళ్లు కూల్చడం చెల్లదని సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది.

శాంతిభద్రతలు ఎవరి దగ్గర ఉన్నాయో పవన్‌కు తెలియదని అనుకోలేం. అయినా వేలు ముఖ్యమంత్రి వైపు కాకుండా అనిత వైపు వెళ్లింది. మంద కృష్ణ మాదిగ ఆ మాటలను గట్టిగానే తప్పుపట్టారు. అనిత మాత్రం పాజిటివ్‌గా తీసుకుంటానన్నారు, తర్వాత వెళ్లి పవన్‌ను కలిశారు. కూటమిలో ఉన్నప్పుడు సర్దుకుపోవాలి, సరే. కానీ అదే చోట ఒక కమ్మ మంత్రో, రెడ్డి మంత్రో ఉంటే బహిరంగ సభలో అలా అనేవారా అని ఎవరైనా అడిగితే అది కుల రాజకీయం అనుకోనక్కర్లేదు.

అలాగని అనితకు అన్నీ మాఫీ చేయడానికి లేదు. 2024 జూలైలో మన జిల్లా ముచ్చుమర్రిలో తొమ్మిదేళ్ల పాప మీద అఘాయిత్యం చేసి చంపేశారన్న కేసులో పట్టుబడింది ముగ్గురు మైనర్ పిల్లలు. కాల్వల్లో, నీళ్లలో రోజుల తరబడి వెదికినా మృతదేహం దొరకలేదు. నిర్లక్ష్యం వహించారని సీఐని, ఎస్సైని సస్పెండ్ చేశారు. కుటుంబానికి 10 లక్షలు ఇస్తామని అనితే ప్రకటించారు. అదే కేసులో విచారణకు తీసుకెళ్లిన ఒకతను పోలీసుల అదుపులో ఉండగా చనిపోయాడు. ప్రతిపక్షంలో ఉన్నప్పుడు డాక్టర్ కోసం హైకోర్టుకు లేఖ రాసిన నాయకురాలి నుంచి, ఈ లాకప్ మరణం మీద కూడా అంతే గట్టి గొంతు రావాల్సింది.

2025 జనవరిలో వసూళ్ల ఆరోపణలు రావడంతో ఆమె తన పీఏను తొలగించారు. అదే ఏడాది ఆగస్టులో నెల్లూరుకు చెందిన ఒక జీవిత ఖైదీకి జైలు అధికారులు వద్దన్నా పెరోల్ ఎలా వచ్చిందన్న గొడవ. ఇది మాత్రం సీఎం మీదకు నెట్టేది కాదు, జైళ్లు, పెరోల్ హోం శాఖ పనే. సిఫార్సు లేఖలు ఎమ్మెల్యేలు ఇచ్చారన్నది ఒక వాదన. లేఖ వచ్చింది కాబట్టి సంతకం పడింది అంటే, ఆ సంతకానికి విలువ ఏముంటుంది?

ఆమె ఖాతాలో మంచి కూడా ఉంది. గంజాయి మీద ఈగల్ విభాగం, 1972 టోల్ ఫ్రీ నంబర్, దిశ యాప్ స్థానంలో శక్తి యాప్ ఈ కాలంలోనే వచ్చాయి. సుచరిత హయాంలో ఆర్భాటంగా తెచ్చిన దిశ బిల్లు రాష్ట్రపతి ఆమోదం రాక చట్టం కాకుండానే పోయింది. వనిత హయాంలో అత్యాచారాల మీద ‘తల్లి బాధ్యత’ అన్న మాట పెద్ద దుమారం రేపింది. ఆ ఇద్దరితో పోలిస్తే అనిత ఘటన జరిగిన చోటికి ఎక్కువ వెళ్తారు, ఎక్కువ మాట్లాడతారు. హాస్టల్‌కు వెళ్లి పిల్లలతో భోంచేస్తే తన ప్లేటులోనే బొద్దింక వచ్చిన వీడియో చూసి నవ్విన వాళ్లు ఉన్నారు. పిల్లలు రోజూ తినేది అదే కదా అని ఆలోచించిన వాళ్లు తక్కువ.

ఇక మతం గొడవ. 2018 ఏప్రిల్‌లో టీటీడీ బోర్డులో ఆమెను సభ్యురాలిగా వేశారు. బ్యాగులో బైబిల్ ఉంటుందని ఆమె ఎప్పుడో ఇంటర్వ్యూలో చెప్పిన వీడియో బయటకు తీశారు. తాను హిందువునేనని ఆమె చెప్పుకోవాల్సి వచ్చింది, చివరికి తానే తప్పుకున్నారు. తాడికొండ ఎమ్మెల్యేగా ఉన్న ఉండవల్లి శ్రీదేవికి ఇంకా విచిత్రం. 2019లో ఆమె క్రిస్టియన్ కాబట్టి ఎస్సీ కాదని ఫిర్యాదు పోతే అధికారులు విచారణ పెట్టారు. అదే ఏడాది వినాయక చవితికి అనంతవరంలో మండపం దగ్గరకు వెళ్తే, దళితురాలు తాకితే మైల అన్నారని ఆమే పోలీసులకు ఫిర్యాదు చేశారు. సర్టిఫికెట్ దగ్గర దళితురాలు కాదు, మండపం దగ్గర మాత్రం దళితురాలే.

దీని మూలం 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు మూడో పేరాలో ఉంది. మొదట హిందువులకే ఎస్సీ హోదా, 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులు, ముస్లింలు నేటికీ బయటే. మన రాష్ట్రంలోనే చూడండి, మెహతర్ హిందువైతే ఎస్సీ, అదే మెహతర్ ముస్లిం అయితే బీసీ-ఏ. చేసే పని ఒకటే, చీపురు ఒకటే. దళిత క్రైస్తవులకు హోదా ఇవ్వాలని 2023 మార్చిలో అసెంబ్లీ తీర్మానం చేసింది. దళిత ముస్లింల పేరెత్తిన వాళ్లు తక్కువ. 2022 అక్టోబర్‌లో కేంద్రం వేసిన జస్టిస్ బాలకృష్ణన్ కమిషన్ పరిశీలించాల్సింది ఈ విషయాన్నే. కాబట్టి అనిత బ్యాగులో ఏ పుస్తకం ఉందన్నది ఆమె ఒక్కరి గొడవ కాదు, ఆత్మకూరు పక్కనే ఉన్న నందికొట్కూరు ఎస్సీ సీటులో ఎవరు నామినేషన్ వేయొచ్చు, ఎవరు వేయకూడదు అన్నదానికి కూడా సంబంధం ఉంది.

హోం మంత్రిగా అనిత తన చేతిలో ఉన్న దాంతోనే చేయగలిగిన పని ఒకటుంది. పోలీసుల మీద ఫిర్యాదులు వినడానికి ప్రతి రాష్ట్రంలో, జిల్లాలో కంప్లయింట్స్ అథారిటీ ఉండాలని సుప్రీంకోర్టు 2006లోనే ప్రకాశ్ సింగ్ కేసులో చెప్పింది. ఇక్కడ 2021లో రాష్ట్ర అథారిటీకి చైర్మన్‌ను వేస్తే, వయసు నిబంధన దాటిన వ్యక్తిని వేశారని నియామకం హైకోర్టులో చిక్కుకుంది. నంద్యాల కుటుంబం చనిపోయే ముందు తమ మాట వినిపించుకోవడానికి సెల్‌ఫోన్ కెమెరా తప్ప వేరే చోటు లేకపోయింది. జిల్లాకో అథారిటీ, దానికో ఆఫీసు, తలుపు మీద ఉర్దూలో, తెలుగులో ఒక బోర్డు: దీనికి ఏ ఎమ్మెల్యే లేఖా అక్కర్లేదు. ఫైలు హోం శాఖ నుంచే కదలాలి.