సగము ఒప్పుకోలు



ఆటగాళ్ళను గూర్చి ఈ పేజీలో వ్రాయడం అరుదు. అయితే ఈ నెల జర్మనీ దేశపు ఫుట్‌బాల్ ఆటగాడు ఒకాయనను గూర్చి వ్రాస్తున్నాను. ఆయన ఆడిన ఆట కంటె, ఆట మానిన తరువాత చేసిన ఉద్యోగమే మనకు ముఖ్యం. యౌవనులతో పాటు, సంఘములో డబ్బు లెక్కలు చూచే పెద్దలు కూడా దీనిని చదవాలని నా కోరిక.

ఊలీ హోనెస్ 1952లో ఊల్మ్ పట్టణంలో పుట్టాడు. తండ్రిది మాంసం కొట్టు. 1970లో మ్యూనిక్ నగరపు బయర్న్ క్లబ్బులో చేరి, 1974లో పశ్చిమ జర్మనీ జట్టుతో ప్రపంచ కప్పు గెలిచాడు. మోకాలి గాయం వలన 27 ఏళ్ళకే, 1979లో, ఆట ముగిసింది. మన ఊళ్ళలో ఆ వయస్సుకు చాలామందికి ఉద్యోగమే మొదలు కాదు!

ఆ ఏడాదే క్లబ్బు ఆయనను మేనేజరుగా నియమించింది. ఆట నేర్పేవాడు కోచ్. మేనేజరు పని వేరు. ఎవరిని ఎంతకు కొనాలి, ఎవరిని అమ్మాలి, జీతాలు ఎంత, ప్రకటనల డబ్బు ఎక్కడనుండి తేవాలి, ఇవన్నీ ఆయన చూడాలి. అప్పటికి క్లబ్బు ఏటి రాబడి సుమారు 1 కోటి 20 లక్షల మార్కులు, అప్పు సుమారు 70 లక్షలు. 1984లో గొప్ప ఆటగాడైన రుమ్మెనిగ్గెను ఇటలీ క్లబ్బుకు అమ్మి, ఆ సొమ్ముతో అప్పులు తీర్చుకొన్నారు. ముప్పది ఏళ్ళు ఆయన అదే పనిలో ఉన్నాడు. 2005లో కట్టిన పెద్ద స్టేడియం బాకీ కూడా గడువుకు ఎన్నో ఏళ్ళు ముందుగా 2014లోనే తీరిపోయింది.

మనిషి దయలేనివాడు కాడు. తనతో ఆడిన గెర్డ్ ముల్లర్ త్రాగుడుకు బానిసైనప్పుడు, చికిత్సకు పంపి, తరువాత క్లబ్బులోనే పని చూపించిన వారిలో హోనెస్ ముఖ్యుడు. 1982లో విమానం కూలి తోటి ముగ్గురు చనిపోగా తానొక్కడే బ్రతికాడు. 2009లో క్లబ్బుకు అధ్యక్షుడయ్యాడు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. ఇతరుల సొమ్మును పైసా పైసా లెక్కచూచిన ఈ మనిషికి స్విట్జర్లాండులోని జూరిక్ బ్యాంకులో మరొక ఖాతా ఉంది. దానితో విదేశీ డబ్బు ధరల మీద జూదం వంటి వ్యాపారం చేశాడు. కొన్నేళ్ళు రాత్రింబగళ్ళు అదే ధ్యాసలో ఉన్నానని తరువాత తానే చెప్పుకొన్నాడు. ఆ లాభాల మీద పన్ను కట్టలేదు.

పన్ను ఎగవేసినవాడు అధికారులు కనిపెట్టక ముందే, ఏమియు దాచకుండా తానే వచ్చి ఒప్పుకొంటే శిక్ష తప్పే ఏర్పాటు అప్పటి జర్మనీ చట్టంలో ఉంది. 2013 జనవరిలో హోనెస్ అలాగే కాగితం దాఖలు చేశాడు. కాని హడావుడిగా, లెక్కలు పూర్తిగా లేకుండా. ఒక పత్రిక వారు స్విట్జర్లాండు ఖాతాను గూర్చి ఆరా తీస్తున్నారని తెలిసిన తరువాత! అది చెల్లలేదు. 2014 మార్చిలో మ్యూనిక్ కోర్టులో విచారణ జరిగింది. అభియోగ పత్రంలో ఎగవేత 35 లక్షల యూరోలు. మొదటి రోజే ఆయన లాయరు, 1 కోటి 85 లక్షలని ఒప్పుకొన్నాడు. మరునాడు పన్నుల అధికారిణి లెక్క చెప్పితే 2 కోట్ల 72 లక్షలకు చేరింది. చివరికి తీర్పులో 2 కోట్ల 85 లక్షలు. చూచారా, ఒప్పుకోలు ఎలా పెరుగుతూ పోయిందో! మనము కూడా మోకరించి పాపము ఒప్పుకొనేటప్పుడు ఎంత అడిగితే అంతే చెప్పే అలవాటు ఉన్నవారమే. అననీయ సప్పీరాల తంటా అంతా ఆ మిగిలిన భాగములోనే వచ్చింది.

మూడున్నర ఏళ్ళ జైలు శిక్ష పడింది. అప్పీలుకు అవకాశం ఉండినా, మరునాడే పదవులు వదులుకొని, అప్పీలు చేయనని ప్రకటించాడు. పెద్ద లాయర్లు, డబ్బు, పలుకుబడి అన్నీ ఉన్నవాడు. మన దగ్గర ఇటువంటి కేసులు తాత మనుమల కాలం వరకు నడుస్తాయి. నా దృష్టిలో ఆయన మేనేజరుగా చేసిన పనులన్నిటి కంటె ఆ ఒక్క నిర్ణయం పెద్దది. ఎగవేసిన పన్ను వడ్డీతో కట్టాడు. 2014 జూన్‌లో లాండ్స్‌బెర్గ్ జైలుకు వెళ్ళాడు.

జక్కయ్య తన నోటితోనే నాలుగింతలు లెక్క కట్టుకొన్నాడు, ఎవరూ కోర్టుకు ఈడ్వలేదు. ఆ తేడా గమనించండి. అయితే జక్కయ్య మరునాడు మళ్ళీ సుంకము వసూలుకు వెళ్ళాడా లేదా లూకా వ్రాయలేదు. ఈ ప్రశ్న మన సంఘాలలో ఇప్పటికీ ఉంది. కోశాధికారి కానుక సొమ్ము వాడుకొన్నాడని తెలిస్తే మనం చేసేది రెండే: బంధువైతే మూసిపెడతాము, కాకపోతే వెలివేస్తాము. క్షమించడం ఒక సంగతి, తాళపుచెవి తిరిగి చేతికివ్వడం వేరొక సంగతి. రెండిటినీ కలిపివేసి మాట్లాడితే ఎటూ తేలదు.

బయర్న్ వారు ఏమి చేశారు? 2015 జనవరి నుండి పగలు బయట పనిచేసి రాత్రికి జైలు వసతికి తిరిగి వచ్చే అనుమతి ఆయనకు దొరికింది. అప్పుడు క్లబ్బు ఆయనకిచ్చిన పని చిన్నపిల్లల, యువకుల జట్ల విభాగంలో సహాయకుడి పని. సగం శిక్ష ముగిసిన తరువాత 2016 ఫిబ్రవరి 29న విడుదలయ్యాడు. ఆ నవంబరులో సభ్యులు అందరి ఎదుట ఓటువేసి ఆయనను మళ్ళీ అధ్యక్షునిగా ఎన్నుకొన్నారు. 2019లో తప్పుకొన్నాడు. ఇంత త్వరగా పీఠం ఇవ్వడం తగదని జర్మనీలోనే చాలామంది అన్నారు. నాకైతే పిల్లల జట్ల దగ్గర ఆయన ఇంకొన్నేళ్ళు ఉంటే బాగుండుననిపించింది. సంఘ పెద్దలారా, మీరు ఏమంటారో ఒక కార్డు ముక్క వ్రాయండి.