దాటినవాడే దాటమనాలి

జామెట్రీ డ్యాష్ అనే ఫోను ఆటలో ఒక నియమం ఉంది. మన సచివాలయం గోడల మీద రాయించదగ్గ నియమం అది. ఈ ఆట ఆడేవాళ్లెవరైనా సొంతంగా ఒక లెవెల్ కట్టుకోవచ్చు. దాంట్లో ఎన్ని ముళ్లయినా నాటొచ్చు. కానీ దాన్ని ఊరి మీదికి వదలాలంటే ముందు మొదటి నుంచి చివరి దాకా తానే ఒకసారి దాటి చూపాలి. దాటకపోతే అప్‌లోడ్ కాదు. ఎవరి సిఫారసూ చెల్లదు.

ఆట తెలియని పెద్దల కోసం రెండు ముక్కలు. స్వీడన్‌కు చెందిన రాబర్ట్ టోపాలా 2013 ఆగస్టులో దీన్ని విడుదల చేశాడు. తెర మీద ఒక చిన్న చతురస్రం పాటతోపాటు తనంత తానే పరుగెడుతుంది. మనం చేయగలిగిందల్లా వేలితో తాకడమే. తాకితే ఎగురుతుంది. ముళ్లను పాట దరువు చూసుకుని నాటుతారు కాబట్టి దరువు చెవికెక్కినవాడికి దారి దొరుకుతుంది. ముల్లు తగిలితే మళ్లీ మొదటికే. 98 శాతం దగ్గర పోయినా మొదటికే. ఇది ఎన్నో ప్రయత్నమో చెప్పే అంకె మాత్రం పెరుగుతూ పోతుంది.

ఆటతోపాటు వచ్చే ప్రధాన లెవెళ్లు 22. అభిమానులు కట్టినవి లెక్కలేనన్ని ఉన్నాయి. దిమ్మెలు కదిలించడానికి, రంగు మార్చడానికి, ఉన్నదాన్ని మాయం చేయడానికి ట్రిగ్గర్లనే చిన్న చిన్న ఆదేశాలుంటాయి. వాటిని పాటలోని ఒక్కో దెబ్బకూ ముడివేసి, నేలను కప్పుగా, కప్పును నేలగా మార్చేస్తారు. పైసా జీతం లేకుండా నెలల తరబడి ఈ పనిలో మునిగే పిల్లలున్నారు. తీరా కట్టాక వాళ్లకు అసలు పరీక్ష మొదలవుతుంది. తాను నాటిన ముల్లు తనకే గుచ్చుకుంటుంది. ఎక్కడ అన్యాయంగా కట్టాడో అప్పుడు తెలుస్తుంది. సరిదిద్దుకుంటాడు.

తాను దాటలేనంత కష్టమైనది కట్టినవాడి సంగతేమిటి? దానికీ దారి ఉంది. 2023లో వచ్చిన ‘టైడల్ వేవ్’ అప్పట్లో అన్నిటికన్నా కఠినమైన లెవెల్‌గా పేరు తెచ్చుకుంది. కట్టింది ఒనిలింక్ అనే మారుపేరున్న ఆటగాడు. దాటి నిరూపించింది జోయింక్ అనే మరొకడు. అభిమానులు ఇద్దరి పేర్లూ చెప్పుకుంటారు. ఎవరో ఒకరు, పేరున్న మనిషి, నిజంగా దాటాలన్నదే షరతు.

మోసగాళ్లు ఇక్కడా ఉన్నారు. కొందరు తమకు మాత్రమే తెలిసిన దొంగదారి ఒకటి లెవెల్లో దాచిపెడతారు. అందులోంచి దాటేసి లోకాన్ని ముళ్ల మీదికి పంపుతారు. పిల్లలు దాన్ని ‘సీక్రెట్ వే’ అంటారు. మా కాగజ్‌నగర్‌లో దాని పేరు పైరవీ.

మన రాష్ట్రంలో లెవెళ్లు కట్టేవాళ్లకు ఈ షరతు ఎక్కడుంది? ప్రభుత్వ ఉద్యోగాల గ్రూప్-1 పరీక్ష సంగతే చూడండి. తెలంగాణ వచ్చాక తొలిసారిగా 2022లో 503 పోస్టులకు నోటిఫికేషన్ ఇచ్చారు. ఆ అక్టోబర్‌లో ప్రిలిమ్స్ పెట్టారు. పేపర్ లీకేజీ బయటపడి 2023 మార్చిలో రద్దు చేశారు. జూన్‌లో మళ్లీ పెట్టారు. బయోమెట్రిక్ సరిగా తీసుకోలేదని హైకోర్టు దాన్నీ రద్దు చేసింది. 2024లో ఆ నోటిఫికేషనే పోయి కొత్తది వచ్చింది. ముల్లు తగలకుండానే అభ్యర్థులు ముమ్మారు మొదటికి వచ్చారు. ప్రయత్నాల అంకె వాళ్ల వయసు మీద పెరిగింది.

భూముల సంగతీ అంతే. 2020 అక్టోబర్ 29న ధరణి పోర్టల్ తెరిచినప్పుడు, రికార్డులో పడిన తప్పులు చాలావాటిని సరిచేసుకునే దారి అందులో లేదు. రైతులు కలెక్టరేట్ల చుట్టూ తిరిగాక ఒక్కో దారీ తెరిచారు. చివరికి 2025 ఏప్రిల్ 14న ధరణి స్థానంలో భూభారతి వచ్చింది. తన ఇంటిపేరు తప్పుపడిన చిన్న రైతు ఒక్కడిని మొదటిరోజే కూర్చోబెట్టి, ఇదిగో, సరిచేసుకో అని ఉంటే ఆ లోటు ఆ పూటే బయటపడేది.

మా ఊరు కాగితం మిల్లు మీద బతికిన ఊరు. 2014లో మిల్లు ఆగింది. 2018లో జేకే పేపర్ చేతికొచ్చే దాకా కార్మికులు అర్జీలు పట్టుకుని తిరిగారు. దరఖాస్తుకు కాగితం తయారుచేసిన చేతులకే ఆ దరఖాస్తు నింపడం ఎంత కష్టమో తెలిసొచ్చిన ఊరు ఇది.

పరీక్షలు కఠినంగా ఉండొద్దా, నిబంధనలు లేకపోతే దొంగలు చొరబడరా అని అధికారులు అడగొచ్చు. కఠినంగానే పెట్టండి. కష్టమైన లెవెల్ అంటే పోరగాళ్లు పడి చస్తారు, వందసార్లు ఓడినా వదలరు. వాళ్లకు ఒళ్లుమండేది దరువుకు అందకుండా, చెప్పా పెట్టకుండా లేచే ముల్లు చూసినప్పుడే. దాటడానికి వీల్లేనిదాన్ని కట్టి దానికి కాఠిన్యమని పేరు పెట్టడం చేతకానివాడి పని.

కాబట్టి ప్రభుత్వం చేయాల్సింది చిన్నదే. కొత్త పోర్టల్ గానీ, యాప్ గానీ, దరఖాస్తు గానీ విడుదలయ్యే ముందు దాన్ని తయారుచేయించిన అధికారి తానే మొదటి నుంచి చివరి దాకా నింపాలి. హైదరాబాద్ ఆఫీసు వైఫైలో కూర్చుని నింపితే లెక్కలోకి రాదు. తిర్యాణిలోనో, కెరమెరిలోనో, సిగ్నల్ వచ్చీరాని గూడెంలో చవక ఫోను మీద నింపాలి. ఓటీపీ కోసం చెట్టు కిందికి నడవాలి. తనకు తీరిక లేకపోతే అక్కడి మనిషి ఒకరితో నింపించి, పక్కన నిలబడి చూడాలి. ఎవరు దాటారు, ఎన్నో ప్రయత్నంలో దాటారు అన్నది ఆ పోర్టల్ మొదటి పేజీలోనే అచ్చువేయాలి. ఆ పేరు లేని పోర్టల్‌ను తెరవొద్దు.