బిరుదుకో న్యాయం, కిరీటానికో న్యాయమా?

స్పెయిన్‌లో డ్యూక్, మార్క్విస్ వంటి వంశపారంపర్య బిరుదులు, తమ్ముడుంటే అక్కకు సాధారణంగా దక్కేవి కావు. 1997లో రాజ్యాంగ న్యాయస్థానం దాన్ని సమర్థించింది. బిరుదు వట్టి గుర్తు, వెంట అధికారమేదీ రాదు కాబట్టి వివక్ష ప్రశ్నే లేదంది. వట్టి గుర్తే అయితే ఆడపిల్లకు ఇవ్వడానికి అడ్డేమిటి? చివరికి 2006లో పార్లమెంటు చట్టం చేసి ఆడ, మగ తేడా తీసేసింది.

అసలు బిరుదులనే ఎత్తేయవచ్చు కదా అనేవారున్నారు. సబబైన మాటే, 2022లో నియంత ఫ్రాంకో పేరిట ఉన్న డ్యూక్ బిరుదును అలాగే రద్దు చేశారు. కానీ వారసత్వ పత్రంపై ప్రభుత్వం ముద్ర వేసి, పన్ను కూడా వసూలు చేస్తున్నంతకాలం సమానత్వ సూత్రం వర్తించాల్సిందే. విడ్డూరమేమిటంటే, కిరీటం విషయంలో రాజ్యాంగంలోని 57వ అధికరణం ఇప్పటికీ కొడుకువైపే మొగ్గుతోంది. ఇద్దరు అక్కలుండగా ఆరో ఫెలిపె రాజయ్యారు. ఆయనకు ఇద్దరూ కూతుళ్లే కావడంతో గొడవ రాలేదు, అంతే. ఆ అధికరణాన్ని స్పెయిన్ ఇకనైనా సవరించాలి.